చుక్క ప్రశ్నలకు నేనిచ్చే చుక్కలు

మా ఊళ్ళో మా ఇంటి ముందు ఒక కొళాయి ఉంది. నీలం పైపు, దాని మీద ప్లాస్టిక్ టాప్, వెనక గోడ మీద ఎర్ర పెయింటుతో ఒక నంబరు. ఆ టాప్‌కి మా అమ్మ మసిగుడ్డలు ఆరేస్తుంది. ఎందుకంటే బిగించిన కొత్తలో ఓ రెండు వారాలు తప్ప అందులోంచి నీళ్ళు వచ్చింది లేదు. మాది మార్కాపురం వైపు, బోరు వేస్తే వందల అడుగులు దిగాలి, అంతా చేసి నీళ్ళు పడినా ఫ్లోరైడు, అందుకే తాగడానికి 20 లీటర్ల క్యాన్లే దిక్కు. ఇదంతా ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, ఆ కొళాయి పుణ్యమా అని నాకో అలవాటు పట్టుకుంది. పార్లమెంటులో మంత్రులు ఇచ్చే జవాబులు చదవడం. మూడేళ్ళ నుంచీ చదువుతున్నా. సెల్‌ఫోన్లకీ బిర్యానీ సెంటర్లకీ పేజీలకి పేజీలు రివ్యూలు రాస్తాం కదా, మన పన్నులతో నడిచే ఈ సర్వీసుకి ఒక్కరూ రాయరేం అనిపించింది. అందుకే ఇది.

సర్వీసు ఏంటో ముందు చెప్పేస్తా. ప్రభుత్వంలో ప్రతి శాఖా ఏం చేయబోతోంది, ఎంత చేసింది, ఎప్పటికి పూర్తి చేస్తుంది అనేది ఆ శాఖ మంత్రి సభకొచ్చి చెప్పాలి. ఎంపీలు అడిగితే చెప్పాలి, కొన్ని అడక్కపోయినా చెప్పాలి. అది మనం లైవ్‌లో చూడొచ్చు, తర్వాత కాగితం మీద చదవొచ్చు. రెండూ ఉచితం. లాగిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు.

లైవ్ సంగతి మొదట. 2006లో లోక్‌సభకి సొంత టీవీ ఛానల్ వచ్చింది, 2011లో రాజ్యసభకి ఇంకోటి వచ్చింది, 2021 సెప్టెంబరు 15న రెండింటినీ కలిపి సంసద్ టీవీ అని చేశారు. లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు ఉదయం 11 గంటలకి, రాజ్యసభలో మధ్యాహ్నం 12కి. రాజ్యసభలో కూడా మొదట్లో 11కే ఉండేది, గొడవలతో రోజూ అదే గంట కొట్టుకుపోతోందని 2014లో 12కి జరిపారు. గొడవ కూడా గంట జరిగిందేమో అని నాకు అనుమానం.

ఇక చుక్కల విషయం. ఎంపీ అడిగే ప్రశ్నల్లో రెండు రకాలున్నాయి. ప్రశ్న పక్కన నక్షత్రం గుర్తు, అదే చుక్క, ఉంటే మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద ఎంపీ ఎదురు ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేకపోతే కాగితం మీద జవాబు ఇస్తారు, అంతే. లోక్‌సభలో రోజుకి 20 చుక్క ప్రశ్నలు, 230 చుక్క లేనివి. రాజ్యసభలో 15, 160. ఏ ప్రశ్న ఎప్పుడు వస్తుందో లాటరీ తీస్తారు, మామూలుగా కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఒక్కో శాఖకీ వారంలో ఒక రోజు కేటాయించి ఉంటుంది. కాబట్టి మీ సమస్య మీద మీ ఎంపీ నోరు విప్పి అడగాలంటే ఆయనకి ఆసక్తి ఉండాలి, రోజు కలవాలి, లాటరీ తగలాలి, సభ నడవాలి. ఈ నాలుగూ ఒక్కసారి కుదరడం అంటే మా ఇంటి కొళాయిలో నీళ్ళు రావడం లాంటిదే.

నాలుగోదే అసలు పేచీ. 2025 వర్షాకాల సమావేశాల్లో లోక్‌సభ జాబితాలో 419 చుక్క ప్రశ్నలు పెడితే మంత్రులు నోటితో జవాబు చెప్పినవి 55. హోటల్లో 419 ఐటమ్‌ల మెనూ చేతిలో పెట్టి, 55 మాత్రమే ఉన్నాయంటే మనం ఏమంటాం? తప్పు వంటవాడిదా, కుర్చీలు విరగ్గొట్టిన వాళ్ళదా, అసలు వంట చేయాల్సిన పని తప్పితే చాలని చూసే యజమానిదా అని టీవీల్లో రోజంతా వాదించుకుంటారు, ఆ వాదన నాకొద్దు. ప్లేటులోకి ఏం వచ్చిందనేదే నాకు లెక్క. సరిగ్గా నడిచిన రోజు కూడా 20లో ఐదారు ప్రశ్నలకే గంట అయిపోతుంది. 2019 నవంబరు 27న లోక్‌సభలో 20కి 20 పూర్తి చేశారని పెద్ద వార్త అయింది, 1972 తర్వాత అదే మొదటిసారట. ఏడాదికి ఎన్నో రోజులు జరిగే పని, మొత్తం పూర్తవడానికి 47 ఏళ్ళు పట్టిందన్నమాట.

అందుకని కొత్తగా చూసేవాళ్ళకి నా సలహా, లైవ్ మీద ఆశలు పెట్టుకోకండి. నేనైతే లైవ్ పెట్టేది ఎదురు ప్రశ్న కోసమే. మొదటి జవాబు అధికారులు రాసిచ్చింది, మంత్రి చదువుతారు లేదా ‘ప్రకటన సభ ముందు ఉంచాను’ అని కూర్చుంటారు. ఎదురు ప్రశ్న వచ్చినప్పుడు చూడాలి. శాఖ మీద పట్టున్న మంత్రి కాగితం పక్కన పెట్టి మాట్లాడతారు, లేనివారి చేతికి వెనక నుంచి చీటీలు వస్తుంటాయి, ఆ చీటీ అందేలోపు ‘గౌరవ సభ్యులు చాలా మంచి ప్రశ్న అడిగారు’ అనే వాక్యం వినిపిస్తుంది. ఈ వాక్యం ఎంత పొడుగ్గా ఉంటే చీటీ అంత ఆలస్యం అవుతోందని అర్థం.

తెలుగువాళ్ళం కాబట్టి ఈ ప్రసారాల సంగతి మాట్లాడుతూ ఒక రోజుని వదిలేయలేం. 2014 ఫిబ్రవరి 18. రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో పాసైన మధ్యాహ్నం లైవ్ ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా, హాస్టల్ టీవీ గదిలో అటు సంబరం చేసుకుందామని కూర్చున్న వాళ్ళూ ఇటు ఏడుద్దామని కూర్చున్న వాళ్ళూ ఇద్దరూ కలిసి కేబుల్ వాడికి ఫోన్ చేశాం. పాపం వాడు, ‘అన్నా మిగతా ఛానళ్ళు వస్తున్నాయి కదన్నా’ అన్నాడు. అన్ని రోజులూ గొడవని తప్ప ఇంకేమీ చూపించని తెర, చూడాల్సిన ఆ కాసేపు ఏమీ చూపించలేదు. సర్వీసు రివ్యూలో ఇది రాయకపోతే నా రివ్యూ అబద్ధం అవుతుంది.

సరే, కాగితం దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అసలు సరుకు ఇదే.

పార్లమెంటు వెబ్‌సైట్‌లో ప్రశ్నలు అనే భాగంలోకి వెళ్తే ఎంపీ పేరుతో, శాఖ పేరుతో, తేదీతో, మాటతో వెతుక్కోవచ్చు. ఒక్కో ప్రశ్నకీ ఒక్కో పీడీఎఫ్. పైన శాఖ పేరు, ప్రశ్న నంబరు, జవాబిచ్చిన తేదీ, కింద (ఎ) (బి) (సి) (డి) అని ముక్కలు చేసిన ప్రశ్న, దాని కింద మంత్రి పేరు, జవాబు, చివర్లో అనుబంధం అని రాష్ట్రాల వారీ పట్టిక. నేను ఎప్పుడూ చివరి నుంచి మొదలుపెడతా. మొదటి రెండు పేరాలు పథకం పుట్టుపూర్వోత్తరాలే, అది ఏ సంవత్సరం జవాబులో చూసినా అక్షరం మారదు. పట్టిక మాత్రం మారుతుంది. ఆంధ్రప్రదేశ్ అక్షర క్రమంలో పైనే ఉంటుంది కాబట్టి పేజీ తిప్పే పని కూడా లేదు, తెలంగాణ వాళ్ళే పాపం కిందదాకా దిగాలి.

నేను చేసేది ఒక చిన్న ట్యాక్స్ ఆఫీసులో లెక్కలు చూసే పని. మాకు ఒకటే మతం, పోయినేడు క్లోజింగ్ బ్యాలెన్సూ ఈ ఏడు ఓపెనింగ్ బ్యాలెన్సూ కలవాలి. కలవకపోతే రాత్రి పన్నెండైనా ఇంటికి పోనివ్వరు. మంత్రుల జవాబులతో నా ప్రధానమైన గొడవ అదే. ప్రతి జవాబూ ఈ రోజే పుట్టినట్టు ఉంటుంది. పోయినసారి ఇదే సభలో ఏం చెప్పాం, ఎప్పటికి అన్నాం, ఎంత తేడా వచ్చింది అనే వరుస దానంతట అదే రాదు. ఎంపీ ప్రత్యేకంగా అడిగితే వస్తుంది, అడక్కపోతే లేదు. ఓపెనింగ్ బ్యాలెన్స్ లేని లెడ్జర్ ఇది.

మా కొళాయి లెక్కే చూడండి. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించారు, 2024కల్లా గ్రామాల్లో ప్రతి ఇంటికీ కొళాయి అన్నారు. 3.60 లక్షల కోట్ల పథకం. అప్పటికి దేశం మొత్తం మీద కొళాయి ఉన్న గ్రామీణ ఇళ్ళు 3.23 కోట్లు, అంటే నూటికి 17. 2025 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ గారు బడ్జెట్ ప్రసంగంలో 15 కోట్ల ఇళ్ళకి చేరిందనీ, 80 శాతం అయిందనీ, మిగిలింది పూర్తి చేయడానికి మిషన్‌ని 2028 వరకు పొడిగిస్తున్నామనీ చెప్పారు. ఐదేళ్ళలో 17 నుంచి 80కి రావడం చిన్న విషయం కాదు, నేను ఎంత సణిగినా ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ తర్వాత వచ్చే జవాబుల్లో 2028 అనేది మొదటి నుంచీ ఉన్న ముహూర్తంలాగా కూర్చుంటుంది. 2024 ఏమైందో తెలియాలంటే పాత పీడీఎఫ్ తీసి పక్కన పెట్టుకోవాల్సిందే.

ఇంకా దగ్గరగా చూద్దాం. అసలు కొళాయి ‘పనిచేయడం’ అంటే ఏంటో ఈ పథకంలో నిర్వచనం ఉంది, మనిషికి రోజుకి 55 లీటర్లు, నాణ్యమైన నీళ్ళు, క్రమం తప్పకుండా. 2022లో శాఖ ఒక సర్వే చేయించింది, దాని ఫలితం చాలా జవాబుల్లో ఒకే వాక్యంగా వస్తుంది. 86 శాతం కొళాయిలు పనిచేస్తున్నాయి, వాటిలో 85 శాతం ఇళ్ళకి సరిపడా నీళ్ళు వస్తున్నాయి, 80 శాతానికి వేళ ప్రకారం వస్తున్నాయి, 87 శాతానికి నాణ్యత బాగుంది అని. గబగబా చదివితే అన్నీ ఎనభై దాటిన మార్కులే, ఫస్ట్ క్లాస్. ‘వాటిలో’ అనే మాట దగ్గర ఆగండి. 86లో 85 శాతం అంటే 73. 86లో 80 శాతం అంటే 69 కూడా పూర్తిగా లేదు. అంటే కొళాయి ఉన్న ప్రతి పది ఇళ్ళలో మూడింటికి వేళకి నీళ్ళు రావడం లేదు. మంత్రి అబద్ధం చెప్పలేదు. మొత్తం అక్కడే ఉంది. గుణకారం మాత్రం మనకి వదిలేశారు.

ఈ లెక్క వేసిన రోజు అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ‘అయితే మనం ఆ మూడిళ్ళలో ఉన్నామంటావా?’ అంది. ‘కాదమ్మా, మనం అంతకుముందు తీసేసిన 14లో ఉన్నాం’ అన్నా. ‘లెక్కలోనన్నా ఉన్నాంలే’ అని పెట్టేసింది.

చదవడం అలవాటైతే జవాబుల్లో అంకెల కంటే క్రియాపదాలే ముఖ్యమని తెలుస్తుంది. ‘చేస్తాం’ అన్నది చాలా అరుదు. ‘పరిశీలనలో ఉంది’, ‘చర్యలు తీసుకుంటున్నాం’, ‘రాష్ట్రాలకు సూచించాం’, ‘ఇది రాష్ట్ర పరిధిలోని అంశం’, ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’, ఇవి నిత్యావసరాలు. తెలుగువాళ్ళం ఒక క్రియాపదానికి పదేళ్ళకి పైగా మూల్యం చెల్లించాం కాబట్టి మనకి ఇది బాగా తెలియాలి. విభజన చట్టం 13వ షెడ్యూలు తీసి చూడండి, ఖమ్మం జిల్లా బయ్యారంలో ఉక్కు కర్మాగారం అని అందరం చెప్పుకున్నాం, చట్టంలో ఉన్నది ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి అని. కడపదీ అదే మాట. పరిశీలించాం, లాభసాటి కాదు అంటే చట్టం ప్రకారం పని అయిపోయినట్టే. ‘బయ్యారం ఎప్పుడు’ అని అడిగిన ప్రతిసారీ జవాబు ఆ క్రియాపదం దగ్గరికే వెళ్ళి ఆగుతుంది.

హోదా కథ ఇంకా విచిత్రం. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ గారు ప్రధానిగా నిలబడి, ఆంధ్రప్రదేశ్‌కి ఐదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటన చేశారు. వెంకయ్య నాయుడు గారు పదేళ్ళు కావాలన్నారు. ఆ ప్రకటన సభలో చేసిందే, రికార్డులో ఉన్నదే, కానీ చట్టంలో లేదు. ప్రభుత్వం మారింది. ఆ తర్వాత హోదా గురించి ఎంపీలు అడిగిన ప్రతి ప్రశ్నకీ దాదాపు ఒకే పేరా, 14వ ఆర్థిక సంఘం హోదా ఉన్న రాష్ట్రాలకీ లేని వాటికీ తేడా చూపలేదు, పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెంచింది, అందుకే ప్రత్యేక సాయం. నేను వరుసగా ఐదారు పీడీఎఫ్‌లు పక్కపక్కన తెరిచి చూశా, కామాలు కూడా అక్కడే ఉన్నాయి. ఎంపీలకి విసుగు లేదు, శాఖకీ విసుగు లేదు. చదివే నాకే విసుగొచ్చింది.

జవాబు ఇస్తూనే ఇవ్వకపోవడంలో నాకు నచ్చిన నమూనా మాత్రం వ్యవసాయ శాఖది. 2022కల్లా రైతుల ఆదాయం రెట్టింపు చేస్తామని 2016 బడ్జెట్లో చెప్పారు. గడువు దాటాక ఎంపీలు అడిగారు, అయిందా అని. జవాబుల్లో ఉన్నది ఏంటంటే, 2012-13లో రైతు కుటుంబం నెల ఆదాయం 6,426 రూపాయలు, 2018-19లో 10,218, దాంతోపాటు ఆదాయం రెట్టింపు దాటిన 75,000 మంది రైతుల విజయగాథలని వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ పుస్తకంగా వేసింది అని. మొదటిది ఒకటిన్నర రెట్లకి కాస్త ఎక్కువ, అదీ ధరల పెరుగుదల తీసేయకుండా, పైగా గడువుకి మూడేళ్ళ ముందరి అంకె. రెండోది కథల పుస్తకం. అవునో కాదో మాత్రం లేదు. మన అసెంబ్లీ జవాబుల్లో కనీసం ‘అవునండి’, ‘లేదండి’ అని మొదలుపెట్టే మర్యాద ఉంటుంది.

పోలవరం గురించి ఎక్కువ రాయను, రాస్తే ఆగదు. సభలో చెప్పిన గడువు 2022 ఏప్రిల్, తర్వాత 2024 జూన్, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం 2027 అంటోంది. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 12,157 కోట్లు మిగిలిన సాయంగా ఒప్పుకుంది, 41.15 మీటర్ల నీటి నిల్వ మట్టం వరకు. ఆ 41.15 అనే దశాంశం మీద ఏ మంత్రి ఏ జవాబులో ఏ మాట వాడారో జాగ్రత్తగా చూసుకోండి, పూర్తి మట్టం 45.72 కదా.

అన్నీ తిట్లే అయితే రివ్యూ కాదు, ఈర్ష్య అవుతుంది. కాబట్టి డెలివరీ అయినవి కూడా చెప్పాలి. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ అనే లక్ష్యం మొదట 2030కి పెట్టుకున్నారు, దాన్ని ముందుకి లాగి 2025-26 అన్నారు, 2025లోనే చేరుకున్నారు. మా బావమరిది తన బండికి మైలేజీ పడిపోయిందని ఆ విజయాన్ని రోజూ తిడుతుంటాడు, అది వేరే సంగతి, లక్ష్యమైతే తప్పలేదు. ద్రవ్యలోటు 2025-26కల్లా జీడీపీలో 4.5 శాతం లోపుకి తెస్తామని 2021 బడ్జెట్లో చెప్పారు, 2025-26 బడ్జెట్లో 4.4 పెట్టారు. జాతీయ రహదారులు 2020-21లో 13,327 కిలోమీటర్లు వేశారు, రోజుకి 36 కిలోమీటర్ల పైమాటే, 2024-25కి అది 10,660కి తగ్గింది. తగ్గిన అంకె కూడా అదే సభలో దొరుకుతుంది, దాచలేదు. ఎవరూ పోస్టరు వేయరు, అంతే.

మంత్రి తనంతట తాను లేచి చేసే ప్రకటన ఇంకో రకం సరుకు. ఇక్కడ రెండు సభలకీ ఒక తేడా ఉంది, చాలామందికి తెలియదు. లోక్‌సభ నిబంధన 372 ప్రకారం మంత్రి ప్రకటన చేసినప్పుడు ఎవరూ ప్రశ్న వేయకూడదు. వినాలి, అంతే. రాజ్యసభలో వివరణలు అడిగే ఆనవాయితీ ఉంది. కాబట్టి ఒకే మంత్రి ఒకే ప్రకటన రెండు చోట్లా చదివితే నేను రాజ్యసభదే చూస్తా. మొదటిది అత్తారింట్లో పెద్దల మాట, రెండోది సంతలో బేరం. నాకు బేరమే ఇష్టం.

సభ నడుస్తుండగా ముఖ్యమైన విధానం ఏదైనా ముందు సభకే చెప్పాలనేది పాత సంప్రదాయం. అది ఎన్నిసార్లు పక్కకి పోయిందో చెప్పక్కర్లేదు, మనకి ఒక్క 2009 డిసెంబరు 9 చాలు. పార్లమెంటు సమావేశాలు జరుగుతున్నాయి, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని హోంమంత్రి చిదంబరం గారు రాత్రి పొద్దుపోయాక మీడియాకి చెప్పారు. మర్నాడు సభలో గోల. విశాఖ రైల్వే జోన్ అయితే 2019 ఫిబ్రవరి 27న, సమావేశాలు ముగిసిన రెండు వారాలకి, విశాఖలోనే ప్రకటించారు. దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. ఈ మధ్య ఆరేళ్ళూ ఎంపీలు అడుగుతూనే ఉన్నారు, జవాబులు వస్తూనే ఉన్నాయి.

ఇంత రాశాక, ఈ సర్వీసుకి కస్టమర్ కేర్ లేదా అంటే ఉంది, బోర్డు మాత్రం కనపడదు. మంత్రి సభలో ‘పరిశీలిస్తాం’ అనో ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అనో అంటే అది హామీ కింద నమోదవుతుంది. హామీల కమిటీ అని ఒకటుంది, లోక్‌సభలో 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి. మూడు నెలల్లో హామీ నెరవేర్చాలి. నెరవేర్చకపోతే శాఖ గడువు పెంచమని అడగాలి, లేదంటే హామీని తొలగించమని అర్జీ పెట్టుకోవాలి. ఆ తొలగింపు అర్జీల మీద కమిటీ వేసిన నివేదికలు చదివారా? నేను సరదా కోసం చదువుతా. ఏళ్ళ కిందట ‘పరిశీలిస్తాం’ అన్నదాన్ని పట్టుకుని, పరిశీలన అయిందా లేదా అని అధికారుల్ని కూర్చోబెట్టి అడుగుతారు. నాలాంటి లెక్కల గుమస్తాకి ఇంతకంటే హాయి ఇంకేముంటుంది. ఎక్కడో ఒకచోట ఓపెనింగ్ బ్యాలెన్స్ అడిగేవాళ్ళు ఉన్నారు.

అలాగే స్థాయీ సంఘాలు, అంటే శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీలు, చేసిన సిఫార్సులు ఎంతవరకు అమలయ్యాయో మంత్రి ఆరు నెలలకోసారి సభలో చెప్పాలని స్పీకర్ ఆదేశం 73ఎ ఉంది, 2004 నుంచి. ఆ ప్రకటన ఎప్పుడొస్తుందో చూడండి, మధ్యాహ్నం 12 దాటాక, అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్ కోసం అందరూ అరుస్తుండగా, ‘సభ ముందు ఉంచుతున్నాను’ అని అర నిమిషంలో. రెప్ప వేస్తే పోతుంది.

భాష దగ్గర గట్టిగా మార్కులు కోస్తా. సభలో తెలుగులో మాట్లాడితే అనువాదం ఉంది, ఎంపీల చెవిలో తెలుగు అనువాదం కూడా ఉంది. బాగుంది. కానీ రాతపూర్వక జవాబులు ఇంగ్లీషు, హిందీల్లోనే. మా అమ్మ గోడ మీది నంబరు గురించిన జవాబు మా అమ్మ చదవలేదు. పట్టికలు కూడా పీడీఎఫ్‌లో కాకుండా మామూలు ఎక్సెల్లో ఇస్తే నాలాంటివాడు సాయంత్రానికి పదేళ్ళ జవాబుల్ని ఒక షీటులో పెట్టేస్తాడు. ఇవ్వరు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక పని చేశా. మా రాష్ట్రం వరుస ఉన్న పట్టికనీ ఆ 86, 85, 80 వాక్యం ఉన్న పేజీనీ ప్రింటు తీసి, పసుపు రంగు గీత గీసి, గ్రామ సచివాలయానికి పట్టుకెళ్ళా. అక్కడి ఇంజినీరింగ్ అసిస్టెంట్ మా తమ్ముడి వయసు కుర్రాడు, మంచివాడే. కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. ‘ఇది ఎక్కడ దొరికింది సార్?’ అన్నాడు. పార్లమెంటులో మంత్రి గారు ఇచ్చిన జవాబు అన్నా. ‘అబ్బో’ అని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. తర్వాత కంప్యూటర్లో మా వీధి తెరిచి చూపించాడు. మా ఇంటికి కనెక్షన్ ఇచ్చినట్టు ఉంది. పక్కన ఆకుపచ్చ రంగు. ‘నీళ్ళు రావట్లేదు బాబూ’ అన్నా. ‘కనెక్షన్ అయితే ఉంది కదా సార్, ట్యాంకు నుంచి లైను కలపాలి, కాంట్రాక్టరుకి బిల్లు రాలేదంట, వస్తే చేస్తాడు’ అన్నాడు. ఎప్పుడు అని అడిగా. ‘చర్యలు తీసుకుంటున్నాం సార్’ అన్నాడు. ఆ మాట అతనికి ఎవరు నేర్పారో గానీ, నాకు నవ్వాగలేదు, అతనికి ఎందుకు నవ్వుతున్నానో అర్థం కాక టీ తెప్పించాడు.

మార్కులు వేయాలి కాబట్టి వేస్తున్నా. లైవ్‌కి ఐదులో ఒకటిన్నర చుక్కలు, అదీ ఎదురు ప్రశ్నల పుణ్యం. రాత జవాబులకి నాలుగు. తెలుగులో ఉంటే నాలుగున్నర. మంత్రుల ప్రకటనలు, లోక్‌సభలో రెండు, రాజ్యసభలో మూడు. హామీల కమిటీకి నాలుగు, ఆ కమిటీ ఉన్నట్టు జనానికి చెప్పనందుకు ఒకటి కోత.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళు మీ ఎంపీ పేరు కొట్టి, ఆయన లేదా ఆవిడ ఐదేళ్ళలో ఏం అడిగారో ముందు చూడండి, మంత్రుల సంగతి తర్వాత. తర్వాత మీకు సంబంధించిన ఒకే ఒక్క విషయం పట్టుకోండి, రోడ్డో రైలో పింఛనో, దాని మీద మూడేళ్ళ జవాబులు దించుకుని పక్కపక్కన పెట్టుకోండి. నేను ఈ సమావేశాల్లో చూడాల్సింది 2028 అనే అంకె. అది ఎక్కడున్నా స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి దాచుకుంటున్నా. మా అమ్మ మాత్రం టాప్‌కి కొత్త మసిగుడ్డ వేసింది.